మిర్చి రసీదుల కోసం ఒకే ప్రోగ్రామును జావాస్క్రిప్ట్‌లోనూ టైప్‌స్క్రిప్ట్‌లోనూ రాసిన మూడు నెలలు: నా అనుభవం

2025 జనవరి 6, సోమవారం నాడు గుంటూరు దగ్గరున్న ఒక కోల్డ్ స్టోరేజీ యజమానితో నాకు మాట కుదిరింది. రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) దించినప్పుడు కాటా దగ్గర ఇచ్చే రసీదు వివరాలను బ్లాక్‌చైన్‌లో నమోదు చేసి, ఆ నమోదును ఎవరైనా ఫోనుతో చూసుకొనేలా రసీదు మీద క్యూఆర్ కోడ్ అచ్చు వేసే ప్రోగ్రాము నేను రాసిపెట్టాలి. కిందటి సీజనులో ఒకే సరుకు మీద రెండు రసీదులు పుట్టి పెద్ద గొడవ జరిగిందనీ, దిద్దడానికి వీలులేని పుస్తకం ఒకటి కావాలనీ ఆయన అన్నారు. ఫీజు 90,000 రూపాయలు, గడువు మార్చి 15. ఆ తేదీ దాటితే యార్డులోకీ స్టోరేజీల్లోకీ మిర్చి పోటెత్తుతుంది కాబట్టి కొత్త యంత్రం ముందు కూర్చుని నేర్చుకొనే తీరిక గుమస్తాలకు ఉండదు.

నేను పన్నెండేళ్లుగా జావాస్క్రిప్ట్ రాసి బతుకుతున్నవాణ్ని. బ్లాక్‌చైన్ గురించి వినడమే తప్ప ఒక్క లావాదేవీ పంపి ఎరగను. ఈ పనికి, జావాస్క్రిప్ట్ ప్రోగ్రామును ఈథీరియం అనే బ్లాక్‌చైన్‌తో మాట్లాడించే ఈథర్స్ జేఎస్ అనే కిట్టును ఎంచుకున్నాను. పేరున్న మరో పాత కిట్టు వెబ్3 జేఎస్ మీద మనసు పోయింది గాని, దాని నిర్వహణ ఆగిపోబోతోందని తెలిసి వదిలేశాను; అన్నట్టే మార్చి మొదటి వారంలో దాన్ని మూసేశారు. ఈథర్స్‌ను మామూలు జావాస్క్రిప్ట్‌లోనూ వాడవచ్చు, ఏ విలువ ఏ జాతిదో, అంటే దాని టైపు ఏమిటో, ముందే ప్రకటించే టైప్‌స్క్రిప్ట్‌లోనూ వాడవచ్చు. చేతికి అలవాటైనదని మొదటి దారి పట్టాను, ఆరు వారాలకు రెండో దారికి మారవలసి వచ్చింది.

మొదటి రెండు రోజులు ఒక్క వాక్యం మీదే పోయాయి. నాకు దొరికిన పాఠాలన్నీ కిట్టు అయిదో వెర్షన్‌కు రాసినవి, నేను దించుకున్నది ఆరో వెర్షన్. పాత పద్ధతిలో నెట్‌వర్క్‌కు కలిపే ప్రొవైడర్ అనే వస్తువు 'ప్రొవైడర్స్' అనే అరలో ఉండేది. కొత్తదాంట్లో ఆ అరను తీసేసి అందులోని సామాను నేరుగా బయట పెట్టారు. జావాస్క్రిప్ట్ ఈ సంగతి చెప్పదు. ప్రోగ్రామును నడిపితే, లేని దానిలోంచి ఏదో చదవబోయావని ఒక పొడి సందేశం పడేస్తుంది. అది చూసి ఇంటి ఇంటర్నెట్‌ను అనుమానించాను, కీ తప్పేమో అనుకున్నాను, కంప్యూటరులో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్‌ను తీసి మళ్లీ వేశాను. ఇదే వాక్యాన్ని టైప్‌స్క్రిప్ట్ ఫైల్లో రాసి ఉంటే ఎడిటరే ఎర్ర గీత గీసి, 'ప్రొవైడర్స్ అనేది ఇందులో లేదు' అని టైపు చేస్తున్నప్పుడే చెప్పేదని ఫిబ్రవరిలో తెలిసింది.

ఆ తర్వాత టెస్ట్‌నెట్ డబ్బు కోసం పాట్లు. సెపోలియా అనే పరీక్షా నెట్‌వర్క్‌లో నాణేలకు విలువ ఉండదు, ఉచితంగానే ఇస్తారు, కాని వాటిని ఇచ్చే ఫాసెట్లు అనే సైట్లలో ఒకటి నా వాలెట్‌లో ముందే ఈథీరియం అసలు నాణెమైన ఈథర్ కొంత ఉండాలని అడిగింది. ఉచితంగా దొరికేదానికి డబ్బు పెట్టడం నచ్చక, బ్రౌజరులో లెక్కలు చేయించి దానికి ప్రతిఫలంగా నాణేలిచ్చే మరో ఫాసెట్‌ను పట్టుకున్నాను. జనవరి 10 రాత్రి ల్యాప్‌టాప్‌ను అలా వదిలి పడుకుంటే ఫ్యాను చప్పుడుకు ఇంట్లోవాళ్లకు నిద్ర లేదు. తెల్లారేసరికి నెల రోజుల ప్రయోగాలకు సరిపడా వచ్చాయి. మొదటి వారంలోనే ఈ పని చేసిపెట్టుకోవడం మేలు. ప్రోగ్రాము సిద్ధమయ్యాక నాణేల కోసం కూర్చోవడం చాలా చిరాకు.

సంక్రాంతి మూడు రోజులు పోగా, జనవరి 20 నుంచి అసలు రాత మొదలైంది. రసీదు వివరాల హ్యాష్ (వాటి నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంకేతం), టిక్కీల సంఖ్య, గ్రాముల్లో బరువు, చెల్లుబాటు స్థితి, ఈ నాలుగింటిని కాంట్రాక్టులో, అంటే బ్లాక్‌చైన్ మీదే నడిచే చిన్న ప్రోగ్రాములో, దాచాలి. బరువును గ్రాముల్లో పెట్టడానికి కారణం ఉంది. కాంట్రాక్టులో దశాంశాలు ఉండవు, అన్నీ పూర్ణసంఖ్యలే. అవి మామూలు జావాస్క్రిప్ట్ సంఖ్యలో పట్టనంత పెద్దవి కూడా కావచ్చు. ఒక ఈథర్ అంటే ఒకటి పక్కన 18 సున్నాలు పెట్టినన్ని 'వెయ్' అనే అతి చిన్న ముక్కలు. జావాస్క్రిప్ట్ సంఖ్య పొల్లు పోకుండా లెక్కపెట్టగలిగేది 9,007,199,254,740,991 వరకే, అంటే ఈథర్‌లో నూరో వంతు కూడా అందులో పట్టదు. అందుకని ఈథర్స్ ఆరో వెర్షన్ కాంట్రాక్టు నుంచి వచ్చే ప్రతి పూర్ణసంఖ్యనూ, అది ఒకటైనా రెండైనా సరే, బిగ్ఇంట్ అనే వేరే జాతి సంఖ్యగా చేతికిస్తుంది.

ఆ సంగతి నాకు తెలిసిన తీరు రెండు రకాలు. టిక్కీల సంఖ్యకు మామూలు 5 కలపబోతే, రెండు జాతులను కలపకూడదని ప్రోగ్రాము అరిచి ఆగిపోయింది. అరిచింది కాబట్టి అరగంటలో దిద్దుకున్నాను. అరవకుండా ఊరుకున్నది మరొకటి ఉంది. రసీదు స్థితి 1 అయితే అది ఇప్పటికే నమోదైనట్టు, మళ్లీ నమోదు చేయకూడదు. మూడు సమాన గుర్తులతో 'స్థితి ఒకటేనా' అని అడిగాను. బిగ్ఇంట్ ఒకటీ మామూలు ఒకటీ మూడు సమాన గుర్తుల దృష్టిలో సమానం కావు. కాబట్టి ఆ ప్రశ్నకు ఎప్పుడూ 'కాదు' అనే జవాబు వస్తోంది, నకిలీ రసీదును ఆపవలసిన తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటోంది. ఏ తప్పు కోసమైతే నన్ను పిలిచారో ఆ తప్పునే నా ప్రోగ్రాము జనవరి చివరి నుంచి నిశ్శబ్దంగా అనుమతిస్తోందని నాకు దాదాపు నెల తర్వాత గాని తెలియలేదు. ఈ పరీక్షను కాంట్రాక్టు లోపలే పెట్టవలసింది. గ్యాస్ (లావాదేవీకి నెట్‌వర్క్‌కు కట్టే రుసుము) ఖర్చు తగ్గుతుందని బయట పెట్టడం నా సొంత తెలివి, దానికి కిట్టుదీ భాషదీ బాధ్యత లేదు.

ఫిబ్రవరి 12న యజమానికీ వాళ్లబ్బాయికీ చూపించాను. నమోదు బాగానే జరిగింది గాని, రసీదు చూపించే పేజీ తెల్లగా ఉండిపోయింది. బిగ్ఇంట్‌ను జేసన్ పాఠంగా, అంటే ప్రోగ్రాముల మధ్య సమాచారం పంపుకొనే అక్షరరూపంగా, మార్చడం జావాస్క్రిప్ట్‌కు రాదు, మార్చమంటే తిరగబడుతుంది. నా ఇంట్లో ఆ పేజీకి ఉత్తుత్తి అంకెలతో పరీక్ష చేశానే తప్ప కాంట్రాక్టు నుంచి వచ్చిన అంకెలతో చేయలేదు. "బాబూ, తెల్లకాగితం అయితే మా దగ్గరే బోలెడుంది" అన్నారాయన. "ఒక్క పది నిమిషాలు ఆగండి, సరిచేస్తాను" అన్నాను. నలభై నిమిషాలు పట్టింది. సంఖ్యలన్నిటినీ అక్షరాలుగా మార్చి పంపడమే మందు. ఈ ఒక్క విషయంలో టైప్‌స్క్రిప్ట్ కూడా కాపాడదు. జేసన్‌గా మార్చే ఆ పని ఏ టైపునైనా తీసుకుంటానంటుంది, నడిచేటప్పుడే పడిపోతుంది.

అన్నిటికంటె సిగ్గుపడినది ఫిబ్రవరి 17న. ఆ రోజు ఒక కాటా దగ్గర ప్రయోగం పెట్టాం. రైతుకు మామూలు రసీదు మామూలుగానే ఇచ్చి, దానికి తోడు క్యూఆర్ చీటీ ఒకటి ఇవ్వాలి. సెపోలియాలో పన్నెండు సెకన్లకు ఒక బ్లాకు. లావాదేవీ బ్లాకులోకి ఎక్కేదాకా చీటీ ఆగితే ఒక్కో రైతు దగ్గర పావు నిమిషమో అర నిమిషమో పోతోంది, వెనక ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. పదకొండు గంటలప్పుడు గుమస్తా విసుక్కుంటుంటే, నేను అక్కడే నిలబడి, పని అయ్యేదాకా ఆగమని చెప్పే 'అవెయిట్' అనే మాటలు రెండిటిని తీసేశాను, రెండోదాన్ని దాని వాక్యంతో సహా. తీయవలసింది ఒక్కటే. లావాదేవీని నోడ్‌కు, అంటే బ్లాక్‌చైన్‌ను నడిపే కంప్యూటర్లలో ఒకదానికి, అందించే మెట్టు క్షణంలో అయిపోతుంది, అక్కడ ఆగాలి. బ్లాకులోకి ఎక్కేదాకా కనిపెట్టుకుని ఉండే మెట్టు దగ్గరే ఆలస్యమంతా. రెండూ తీసేయడంతో లావాదేవీ హ్యాష్, అంటే ఆ లావాదేవీని గుర్తించే సంకేతం, చేతికి రాకముందే చీటీ అచ్చయింది. హ్యాష్ ఉండవలసిన చోట జావాస్క్రిప్ట్ 'అన్‌డిఫైన్డ్' అనే మాటను నిక్షేపంగా పెట్టి, దాన్నే క్యూఆర్‌గా గీసింది. పదిహేడు మంది రైతులు ఒకే చిరునామా ఉన్న చీటీలు జేబులో పెట్టుకుని వెళ్లారు.

సాయంత్రం గుమస్తా ఫోను చేశాడు. "సార్, ఎవరి చీటీ స్కాన్ చేసినా ఒకే పేజీకి పోతోంది, ఆ పేజీలో ఏమీ లేదు." నమోదులు మాత్రం పదిహేడూ ఎక్కాయి. నమోదు జరిగినప్పుడల్లా కాంట్రాక్టు విడుదల చేసిన ఈవెంట్లు అనే ప్రకటనలను కిట్టుతోనే వెనక్కి వెతికి, రసీదు హ్యాష్‌లతో జతచేసి, రాత్రి పదింటికి కొత్త చీటీలు తీశాను. మర్నాడు పన్నెండు మందికి అందాయి, మిగతా అయిదుగురూ మళ్లీ సరుకు తెచ్చినప్పుడు ఇచ్చాం. ఆ రాత్రి ఇంటికి వచ్చేటప్పుడు బస్సులోనే టైప్‌స్క్రిప్ట్‌కు మారాలని నిశ్చయించుకున్నాను. గడువుకు ఇరవై ఆరు రోజులుంది.

ఫిబ్రవరి 18 నుంచి మార్చి 3 దాకా మార్పిడికే పట్టింది. ఫైళ్ల పేర్లు మార్చి, టైప్‌స్క్రిప్ట్‌ను సరిచూసి జావాస్క్రిప్ట్‌గా మార్చే కంపైలర్‌ను కఠినమైన పద్ధతిలో నడిపితే మొదటిసారి 143 తప్పులు చూపించింది. వాటిలో చాలా భాగం తప్పులని నేను అనను. రహస్య కీ కంప్యూటరు సెట్టింగుల్లో (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) లేకపోతే ఏం చేస్తావని అడిగేవి కొన్ని. బిగ్ఇంట్ సంఖ్యను నేరుగా రాయాలంటే ఈఎస్2020 అనే జావాస్క్రిప్ట్ ప్రమాణాన్ని గాని ఆ పైదాన్ని గాని లక్ష్యంగా పెట్టుకోమనేవి కొన్ని. బ్లాకు కోసం ఆగే పని ఖాళీ జవాబు ఇవ్వవచ్చు, అప్పుడేం చేస్తావని అడిగేవి మరికొన్ని. ఆ చివరి రకానికి విసిగి చాలాచోట్ల 'ఇది ఖాళీ కాదులే' అని కంపైలర్‌కు చెప్పే ఆశ్చర్యార్థకం పెట్టి నోరు మూయించాను. అలా చేసినప్పుడల్లా టైప్‌స్క్రిప్ట్‌కు మారిన ప్రయోజనాన్ని అంతమేరకు వదులుకుంటున్నట్టే. అయినా గడువు గడువే.

అవెయిట్ లేకుండా హ్యాష్ అడిగిన ఆ వాక్యాన్ని సరదాకి మళ్లీ రాసి చూశాను. పని ముగిసేదాకా జవాబు స్థానంలో ఉండే వాగ్దానంలో (ప్రామిస్) హ్యాష్ అనేది ఉండదని కంపైలర్ వెంటనే పట్టుకుంది. పదిహేడు చీటీల పరువు అక్కడ నిలబడి ఉండేది. అయితే ఫలితాన్ని వాడుకోకుండా ఊరికే పిలిచి వదిలేసిన చోట అవెయిట్ మరిచిపోతే కంపైలర్ కూడా ఏమీ అనదు. దానికి ఈఎస్‌లింట్ అనే తనిఖీ పనిముట్టులో గాలికి వదిలేసిన వాగ్దానాలను పట్టే నియమం విడిగా పెట్టుకోవాలి, ఆ నియమం పనిచేయాలంటే టైపుల సమాచారం ఉండాలి.

ఇక్కడ చాలామంది పడే భ్రమలో నేనూ పడ్డాను. 143 తప్పులూ పోయి తెర పచ్చగా అయ్యేసరికి కాంట్రాక్టు పిలుపులన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాను. నిజానికి ఈథర్స్‌లో కాంట్రాక్టు అనే వస్తువు మీద ఏ పేరుతో ఏ పనిని పిలిచినా టైప్‌స్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. ఆ కాంట్రాక్టులో ఏమేమి ఉన్నాయో చెప్పే ఏబీఐని మనం నడిచేటప్పుడు ఇస్తాం, కంపైలర్‌కు ముందుగా దాని సంగతి తెలియదు. పని పేరులో ఒక అక్షరం మింగేసినా ఒప్పుకుంది, వచ్చిన జవాబును ఏ జాతిగా వాడినా ఒప్పుకుంది. టైప్‌స్క్రిప్ట్ వేషం వేసుకున్న జావాస్క్రిప్ట్ అది. ఏబీఐ ఫైలును చదివి టైపులు తయారుచేసిపెట్టే టైప్‌చైన్ అనే పనిముట్టు ఉందని ఫిబ్రవరి 25న తెలిసింది. వియెమ్ అనే మరో కిట్టయితే ఏబీఐని మార్పులేని స్థిరాంకంగా రాస్తే టైపులను తానే ఊహించుకుంటుందట. ఇంకో పనైతే అటు వెళ్లేవాణ్నేమో, అప్పటికి అంత దూరం వచ్చాక కిట్టు మార్చే ధైర్యం లేకపోయింది.

ఫిబ్రవరి 26 శివరాత్రి. ఇంట్లోవాళ్లు జాగారం చేస్తుంటే నేనూ ల్యాప్‌టాప్ ముందు జాగారమే. టైప్‌చైన్ టైపులు తగిలించి కంపైలర్‌ను నడిపేసరికి మళ్లీ 31 తప్పులు లేచాయి. పదకొండోదో పన్నెండోదో ఇలా ఉంది: 'బిగ్ఇంట్, సంఖ్య, ఈ రెండు టైపులకూ పొత్తు లేదు, ఈ పోలిక పొరపాటున చేసినట్టుంది.' ఎక్కడా అని చూస్తే, నకిలీ రసీదును ఆపవలసిన ఆ వాక్యం. కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ప్రయోగం నాటి పదిహేడు రసీదులనూ మళ్లీ పంపి చూస్తే పదిహేడూ రెండోసారి ఎక్కాయి. ఆ తెల్లవారుజామునే పరీక్షను కాంట్రాక్టు లోపలికి మార్చాను. ఒక్కసారి నమోదైన హ్యాష్‌ను, అది తర్వాత రద్దయినా సరే, ఇంకెప్పుడూ ఒప్పుకోకూడదని రాశాను. ఈ వాక్యం తర్వాత నా మెడకే చుట్టుకుంది.

మార్చి 5 బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అంతా ఆగిపోయింది. లావాదేవీ పంపితే హ్యాష్ వస్తోంది, బ్లాకులో మాత్రం ఎక్కడం లేదు. అంతకు రెండు రోజుల ముందే మార్పిడి ముగించాను కాబట్టి తప్పు నాదేనని ఖాయం చేసుకున్నాను. టైపులు తీసి చూశాను, గ్యాస్ పెంచి చూశాను. నాలుగింటికి విసుగెత్తి పాత జావాస్క్రిప్ట్ ఫోల్డరు తెరిచి దాన్ని నడిపితే అదీ అక్కడే ఆగింది. అంత ఊరట ఈ మూడు నెలల్లో మరోసారి కలగలేదు. కారణం ఆ తర్వాత తెలిసింది. ఈథీరియంకు చేసిన పెక్ట్రా అనే నవీకరణ ఆ రోజే సెపోలియాలో మొదలైంది. అక్కడి డిపాజిట్ కాంట్రాక్టు అసలు నెట్‌వర్క్‌లో ఉన్నదానికంటె వేరు కావడంతో అది వెలువరించిన ఒక ఈవెంటు దగ్గర నోడ్‌లు తడబడ్డాయి, కొన్ని గంటలపాటు చాలా బ్లాకులు ఖాళీగానే వచ్చాయి. రాత్రికి సర్దుకుంది. ఈ దెబ్బతో ఒక పనికొచ్చే సంగతి నేర్చుకున్నాను. బ్లాకు కోసం ఆగే పనికి ఎంతసేపు ఆగాలో రెండో విలువగా చెప్పవచ్చు, చెప్పకపోతే అది అలా ఎప్పటికీ ఆగే ఉంటుంది. ఇప్పుడు తొంభై సెకన్లు పెట్టి, దాటితే 'నమోదు పెండింగు' అని చీటీ మీద అచ్చు వేయిస్తున్నాను.

అసలు నమోదు ఈథీరియం ప్రధాన నెట్‌వర్క్‌లో చేస్తే ఒక్కో రసీదుకు అయ్యే ఖర్చు యజమాని భరించేది కాదు. అందుకని తక్కువ ఖర్చుతో నడిచే పాలిగాన్ అనే మరో నెట్‌వర్క్‌ను ఎంచుకున్నాం. దానికి గ్యాస్ చెల్లించే పోల్ నాణేలను రూపాయలతో కొనాలి. ఎక్స్ఛేంజిలో కేవైసీకి రెండు రోజులు పట్టింది, సెల్ఫీని రెండుసార్లు తిప్పిపంపారు. 2,000 రూపాయలకు కొన్నాను, వాటిని నా వాలెట్‌కు తరలించే రుసుము విడిగా పోయింది. యజమాని ఆడిటరుగారు మాత్రం, ఈ నాణేలు ఎవరి పేరున ఉన్నాయి, రేపు మిగిలినవి అమ్మితే ఒక శాతం టీడీఎస్, లాభం మీద 30 శాతం పన్ను ఎవరి లెక్కలో చూపాలి అని అడిగారు. ప్రోగ్రాములో అంత కష్టమైన ప్రశ్న నాకు ఎదురవలేదు. చివరికి వాలెట్టూ ఖాతా రెండూ స్టోరేజీ పేరుకే మార్చాం, దానికి ఇంకో రెండు రోజులు. మార్చి 12న కాంట్రాక్టును పాలిగాన్‌లో పెట్టడానికి పది రూపాయలు కూడా కాలేదు. రసీదు నమోదుకు అయ్యేది పైసల్లోనే.

మార్చి 17 సోమవారం నుంచి నిజమైన రసీదులు. మూడు రోజులు ఏ చప్పుడూ లేదు. 19 సాయంత్రం గుమస్తా నవ్వుతూ ఫోను చేశాడు. "సార్, ఒక రైతువి నూరు టిక్కీలు దించాం. ఫోనులో నాలుగున్నర కిలోలని చూపిస్తోంది." నలభై అయిదు కిలోల టిక్కీలు నూరంటే 4,500 కిలోలు. కాంట్రాక్టులోని గ్రాముల గడిలో 4,500 అని ఉంది. నాలుగున్నర టన్నుల మిర్చి నాలుగున్నర కిలోలయింది, అదీ ఎవరూ చెరపలేని పుస్తకంలో.

ఎలా జరిగిందో వెతికితే తేలినది ఇది. పాత జావాస్క్రిప్ట్‌లో బరువును వెయ్యితో గుణించే వాక్యం ఫారం దగ్గర ఉండేది. టైప్‌స్క్రిప్ట్‌కు మార్చేటప్పుడు ఆ గుణకారం బిగ్ఇంట్‌తో పొసగక కంపైలర్ తప్పు పట్టింది. గ్రాములకు మార్చే పని ఇంకో ఫైల్లో ఉందనుకుని నేను దాన్ని కొట్టేశాను. తప్పు పోయింది, తెర పచ్చబడింది. కిలోలు బిగ్ఇంటే, గ్రాములూ బిగ్ఇంటే. రెండిటి మధ్య తేడా టైపుకు ఏం తెలుసు? సెపోలియాలో పరీక్షించినప్పుడు నేను ఎప్పుడూ 1, 2 అని చిన్న బరువులే ఇచ్చాను, తెర మీద 0.001, 0.002 అని వచ్చి ఉంటుంది, చూసీ చూడనట్టు పోయాను. జావాస్క్రిప్ట్‌లో ఎన్నో తప్పులు చేసినా బరువు మాత్రం సరిగ్గా ఎక్కేది. తప్పులు తగ్గించుకోవడానికి చేసిన మార్పిడిలోంచే నా పనిలోకెల్లా ఖరీదైన తప్పు పుట్టింది.

నలభై ఒక్క రసీదులు. వాటిని రద్దుచేసే పని కాంట్రాక్టులో ఉంది, రద్దు చేశాను. సరైన బరువుతో మళ్లీ నమోదు చేయబోతే కాంట్రాక్టు ఒప్పుకోలేదు, ఒక్కసారి వాడిన హ్యాష్‌ను ఇంకెప్పుడూ తీసుకోవద్దని శివరాత్రి నాడు రాసింది నేనే కదా. కాబట్టి నలభై ఒక్కటికీ కొత్త నంబర్లతో కొత్త రసీదులు పుట్టించి, పాత కాగితాలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మార్చి 23 ఆదివారం ఇద్దరు గుమస్తాలు సెలవు మానుకుని రైతులకు ఫోన్లు చేశారు. వాళ్లిద్దరి ఆ రోజు కూలీ, టీ, భోజనం నా జేబులోంచి 2,400 రూపాయలు. 82 లావాదేవీలకు అయిన గ్యాస్‌తో మాత్రం ఒక టీ కూడా రాదు.

ఇప్పుడు కిలోనూ గ్రామునూ రెండు వేరే టైపులుగా ముద్రవేసి పెట్టుకున్నాను. లోపల రెండూ బిగ్ఇంటే అయినా, ఒకదాని చోట ఇంకోటి పెడితే కంపైలర్ ఒప్పుకోదు. కిలోను గ్రాముగా మార్చే దారి ఒక్కటే, గుణకారం అక్కడే ఉంది. టైప్‌చైన్ టైపులు సంఖ్యనూ అక్షరాలనూ బిగ్ఇంట్‌నూ దేన్నైనా తీసుకుంటాయి కాబట్టి, వాటిని నేరుగా పిలవకుండా గ్రామును మాత్రమే తీసుకొనే చిన్న పొర ఒకటి మధ్యలో పెట్టాను. ఫారం నుంచి వచ్చే విలువలను నడిచేటప్పుడు సరిచూసే పని కూడా అక్కడే. టైపులన్నీ కంపైల్ అయ్యాక చెరిగిపోతాయి, కాటా దగ్గర గుమస్తా ఏం కొడతాడో వాటికి తెలియదు. ఇదంతా రాయడానికి పట్టింది ఒక పూట. ఫిబ్రవరిలోనే రాసి ఉంటే నలభై ఒక్క కాగితాలు మిగిలేవి.

మార్చి 24న రెండో కాటా తెరిచినప్పుడు మరో చిక్కు వచ్చింది. రెండు కంప్యూటర్లూ ఒకే కీతో ఒకే క్షణాన లావాదేవీలు పంపితే రెండిటికీ ఒకే వరుస సంఖ్య పడుతోంది, ఒకటి ఎక్కి రెండోది తిరిగి వస్తోంది. కిట్టులో దీనికి, ఆ వరుస సంఖ్యలను (నాన్స్) చూసుకొనే నాన్స్ మేనేజర్ ఉంది గాని అది ఒక ప్రోగ్రాము లోపలి వరుసనే చూసుకుంటుంది, పక్క కంప్యూటరు సంగతి దానికి తెలియదు. భాష ఏదైనా ఈ తప్పు తప్పదు. రెండు కాటాలూ ఒకే సర్వరుకు పంపేలా, సర్వరు ఒక్కొక్కటిగా నెట్‌వర్క్‌కు అందించేలా మార్చాను. ఒకటిన్నర రోజు.

ఉగాది వెళ్లాక ఏప్రిల్ 2న మిగతా డబ్బు ముట్టింది. గడువు దాటినందుకు యజమాని ఏమీ కోయలేదు, నేనూ మార్పిడికి పట్టిన పద్నాలుగు రోజులకు అదనంగా అడగలేదు. నిల్వ సరుకు మీద అప్పిచ్చే బ్యాంకు మేనేజరుగారు మాత్రం క్యూఆర్ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుకు పాత పద్ధతిలో సంతకం పెట్టిన బాండే కావాలన్నారట.

ఏప్రిల్ 4న గుమస్తా మళ్లీ ఫోను చేశాడు. ఒక వ్యాపారి ఎక్కడో మిగిలిపోయిన పాత చీటీ స్కాన్ చేసి, "నాలుగున్నర కిలోల మిర్చికి కోల్డ్ స్టోరేజీ ఎందుకండీ, మా ఇంట్లో ఫ్రిజ్జు ఉంది" అన్నాడట. దాని కింద ఎర్ర అక్షరాల్లో 'రద్దు' అని ఉంటుంది, చూపించమన్నాను. చూపించాడట. "రద్దయినా పోదాండీ ఇది?" అని అడిగాడట ఆ వ్యాపారి.